ప్రాసెసర్‌కు గాలి కూలరా, లిక్విడ్ కూలరా: రాయలసీమ ఎండను లెక్కలో పెట్టుకుని ఎలా ఎంచుకోవాలి

కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నవాళ్లు ఎండలు ముదిరేకొద్దీ ఒకే ప్రశ్న అడుగుతుంటారు: “ప్రాసెసర్‌కు గాలి కూలర్ సరిపోతుందా, లిక్విడ్ కూలర్ పెట్టించాలా?” పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లు అడుగుతారు, ఇంజినీరింగ్ విద్యార్థులు అడుగుతారు, ఇంట్లో పిల్లలకు గేమింగ్ కంప్యూటర్ కొనిపెట్టే తండ్రులూ అడుగుతారు. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

అడిగేవాళ్లలో ఎక్కువమందికి మంచి గాలి కూలరే చాలు. కొద్దిమందికి మాత్రం లిక్విడ్ కూలర్ నిజంగా అవసరం. మీరు ఏ కోవలోకి వస్తారో దుకాణంలో అడిగితే తేలదు, ఇంట్లో కొలిస్తే తేలుతుంది.

ఈ వ్యాసంలో కూలర్ అంటే ప్రాసెసర్ మీద బిగించేదే. నీళ్లు పోసి గదిని చల్లబరిచేదాన్ని గది కూలర్ అంటాను.

సిద్ధాంతం ఇక్కడ రెండు ముక్కలే. గాలి కూలర్‌లో రాగి గొట్టాలు వేడిని అల్యూమినియం రేకులకు చేరవేస్తే, ఫ్యాను దాన్ని ఊదేస్తుంది. లిక్విడ్ కూలర్‌లో ఒక చిన్న పంపు ద్రవాన్ని రేడియేటర్ దాకా తిప్పితే, అక్కడ ఫ్యాన్లు వేడిని ఊదేస్తాయి. రెండూ చివరికి వేడిని వదిలేది మీ గది గాలిలోకే. గదిలో 40 డిగ్రీలుంటే ఏ కూలరూ, ఎంత ఖరీదైనదైనా, ప్రాసెసర్‌ను 40 కంటే కిందికి దించలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాది సులువు.

కావలసినవి

- గది ఉష్ణోగ్రత చూపే థర్మామీటరు. గోడకు తగిలించే మామూలు డిజిటల్‌ది చాలు. ఫోనులో కనిపించేది ఊరి వాతావరణం, మీ గదిది కాదు.
- కొలత టేపు.
- ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం. లైనక్స్ వాడేవాళ్లకు ఎల్ఎం-సెన్సర్స్.
- సినీబెంచ్ ఆర్23. ఇదీ ఉచితమే. ప్రాసెసర్‌ను పది నిమిషాల పాటు పూర్తి బరువు మీద నడిపించి చూస్తుంది.
- కూలర్ మార్చాలని తేలితే: థర్మల్ పేస్టు (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసేది), ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది), నూలుపోగులు రాలని గుడ్డ, పొడవైన స్టార్ స్క్రూడ్రైవర్.

1. ప్రాసెసర్ నిజంగా ఎన్ని వాట్లు తాగుతుందో తెలుసుకోండి

పెట్టె మీద 65 వాట్లు, 125 వాట్లు అని రాసి ఉంటుంది. కూలర్ కొనేటప్పుడు ఆ అంకెను నమ్ముకోవద్దు. పూర్తి బరువు పడినప్పుడు ఎంత లాగుతుందన్నదే చూడాలి. తరచుగా కనిపించే కొన్ని:

- ఏఎండీ రైజెన్ 5 5600: పెట్టె మీద 65, గరిష్ఠం 76 వాట్లు. రైజెన్ 5 7600: 65, 88.
- ఇంటెల్ ఐ5-12400: 65, 117. ఐ5-13400: 65, 148.
- రైజెన్ 7 5800ఎక్స్, రైజెన్ 5 7600ఎక్స్, రైజెన్ 7 7700ఎక్స్: 105, 142.
- రైజెన్ 7 7800ఎక్స్‌3డి: 120, 162.
- ఐ5-13600కె: 125, 181.
- రైజెన్ 9 7950ఎక్స్: 170, 230.
- ఐ7-14700కె, ఐ9-14900కె: 125, 253.

మీది ఈ జాబితాలో లేకపోతే తయారీదారు పేజీలో ఇంటెల్‌కు “మ్యాక్సిమమ్ టర్బో పవర్” అన్న అంకె వెతకండి. ఏఎండీ ఎఎం4, ఎఎం5 (ప్రాసెసర్ కూర్చునే సాకెట్ల పేర్లు) డెస్క్‌టాప్ చిప్‌లకు పెట్టె మీది వాట్లను (టీడీపీ అంటారు) సుమారు 1.35తో హెచ్చవేస్తే గరిష్ఠం వస్తుంది, 5600 లాంటి కొన్నింటికి ఇంకాస్త తక్కువ.

ఇంకో సంగతి. ఇంటెల్ కె రకం (పేరు చివర కె ఉన్న) చిప్‌లకు చాలా మదర్‌బోర్డులు గరిష్ఠ పరిమితిని కూడా ఎత్తేసి పెడతాయి. అప్పుడు 253 అన్నది కూడా దాటుతుంది. దాని సంగతి ఎనిమిదో మెట్టులో.

2. పని నిజంగా ప్రాసెసర్ మీద పడుతోందా?

స్టూడియోల వాళ్లు ఈ మెట్టు దాటేస్తారు, అందుకే చెబుతున్నాను. మీ వీడియో ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) అవుతుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఎంచుకుని ఉంటే పని చాలావరకు గ్రాఫిక్స్ కార్డు మీదో, ప్రాసెసర్‌లోని వీడియో విభాగం మీదో పడుతుంది. ప్రాసెసర్ 30, 40 శాతం దగ్గరే తిరుగుతుంటే లిక్విడ్ కూలర్‌కు పెట్టే డబ్బు దండగ. క్యాబినెట్‌లో వేడి గ్రాఫిక్స్ కార్డుది అయినప్పుడు మీకు కావలసింది ముందు వైపు రెండు ఫ్యాన్లు.

గేములకూ ఇదే వర్తిస్తుంది. ఆటలో ప్రాసెసర్ పూర్తి వాట్లు లాగడం అరుదు.

3. “మే లెక్క” వేయండి

ఈ వ్యాసంలో అన్నిటికంటే పనికొచ్చే మెట్టు ఇదే. డిసెంబరులో కంప్యూటర్ కొని, 70 డిగ్రీలు చూసి సంతోషించి, ఏప్రిల్ చివర్లో “పాడైపోయింది” అని దుకాణానికి మోసుకెళ్లేవాళ్లు చాలామంది. పాడవలేదు, గది మారింది.

ఇలా చేయండి:

(క) థర్మామీటరును క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోట ఒక అడుగు దూరంలో పెట్టండి. వెనకాల పెడితే వేడిగాలి తగిలి లెక్క తప్పుతుంది. పది నిమిషాలు ఆగి అంకె రాసుకోండి.

(చ) సినీబెంచ్ పది నిమిషాల పరీక్ష నడపండి. గాలి కూలర్ అయితే ఒకసారి చాలు. లిక్విడ్ కూలర్ అయితే వరుసగా మూడుసార్లు, అంటే అరగంట నడపాలి. ద్రవం నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి మొదటి ఐదు నిమిషాల్లో ఏ లిక్విడ్ కూలరైనా గొప్పగానే కనిపిస్తుంది. దుకాణంలో రెండు నిమిషాలు నడిపి చూపించే ప్రదర్శనకు అందుకే విలువ లేదు.

(ట) హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చివరి రెండు నిమిషాల ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూసి, దాంట్లోంచి గది ఉష్ణోగ్రత తీసేయండి. వచ్చిన తేడాను మే నెల మధ్యాహ్నం మీ గదిలో ఉండే వేడికి కలపండి.

ఉదాహరణకు డిసెంబరులో గది 26, ప్రాసెసర్ 72 అనుకుందాం. తేడా 46. మే నెలలో మిద్దె మీది గది 40 దాకా పోతుందనుకుంటే 40కి 46 కలిపి 86. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్నే పెరుగుతుంది. లెక్క అచ్చుగుద్దినట్టు రాదు కానీ, నిర్ణయానికి చాలు.

ఫలితం 85 లోపు ఉంటే ఏమీ మార్చకండి. 85 నుంచి 95 మధ్య ఉంటే ముందు నాలుగు, ఎనిమిది మెట్లు ప్రయత్నించి, అప్పటికీ దిగకపోతే కూలర్ మార్చండి. 95 దాటితే కూలర్ మార్చాల్సిందే. ఇంటెల్ చిప్‌లు సాధారణంగా 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 5000 వరుసలో చాలావరకు 90 దగ్గర వేగం తగ్గించుకుంటాయి. అందువల్ల రైజెన్ 5000 వాళ్లు పై అంకెల్లో ఐదేసి తగ్గించి చదువుకోండి. 7800ఎక్స్‌3డి హద్దు 89, దానికీ అంతే.

మినహాయింపు: రైజెన్ 7000లో ఎక్స్ రకాలు (7600ఎక్స్, 7700ఎక్స్, 7950ఎక్స్) బరువు పడగానే 95 దాకా ఎక్కి అక్కడే నిలిచేలా తయారైనవి. డిసెంబరులోనూ 95, మేలోనూ 95. వాటికి మే లెక్క పనిచేయదు. అక్కడ ఉష్ణోగ్రతను వదిలి సినీబెంచ్ మార్కు చూడండి. వేసవి మార్కు చలికాలం మార్కు కంటే బాగా పడిపోతేనే కూలర్ చాలడం లేదని అర్థం.

4. కూలర్ కంటే ముందు గాలి దారి

మన ఇళ్లలో గోడలో నాపరాయి అరలు ఉంటాయి. ఇల్లు సర్దేటప్పుడు క్యాబినెట్‌ను ఆ అరలోకి తోసేస్తారు. మూడు వైపులా గోడ, పైన బండ, వెనక ఫ్యాను వదిలే వేడిగాలి అక్కడే సుడి తిరిగి మళ్లీ ముందు నుంచి లోపలికే వెళ్తుంది. ఇలాంటి చోట పన్నెండు వేల లిక్విడ్ కూలర్ పెట్టినా ఒరిగేది తక్కువ. క్యాబినెట్‌ను బయటికి లాగండి. వెనక గోడకు కనీసం ఒక జానెడు, పైన కూడా అంతే ఖాళీ వదలండి. నేల మీద కాకుండా చిన్న బల్ల మీద పెట్టండి.

తర్వాత క్యాబినెట్ పక్క తలుపు తీసేసి మూడో మెట్టు పరీక్ష మళ్లీ చేయండి. తలుపు తీయగానే ఉష్ణోగ్రత ఏడెనిమిది డిగ్రీలు పడిపోతే లోపం కూలర్‌ది కాదు, క్యాబినెట్‌ది. ముందు భాగం మొత్తం అద్దం ఉన్న క్యాబినెట్లలో ఇది మామూలే. జాలీ ముఖం ఉన్న క్యాబినెట్, ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి: ఈ అమరికకు పెట్టిన డబ్బు వృథా పోదు. తలుపు ఎప్పుడూ తీసే ఉంచుతామని మాత్రం అనుకోవద్దు. నాలుగు వారాల్లో దుమ్ము మిమ్మల్ని ఓడిస్తుంది.

గది కూలర్ ఉన్నవాళ్లకు ఒక వరం, ఒక హెచ్చరిక. మన పొడి ఎండల్లో గది కూలర్ బాగా పనిచేస్తుంది. అది గదిని దించిన ప్రతి డిగ్రీ ప్రాసెసర్‌కూ లాభమే. కిటికీ ఒకటి తెరిచి ఉంచండి, లేకపోతే తేమ పేరుకుంటుంది. అయితే దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టేలా పెట్టవద్దు. బోరు నీళ్లలోని ఉప్పు సన్నని తుంపర్లతో వచ్చి రేకుల మీద, ఫ్యాను రెక్కల మీద తెల్లగా పేరుకుంటుంది. దాని మీద దుమ్ము అంటితే బ్రష్షుకు కూడా ఊడదు.

5. ఇప్పుడు ఎంచుకోండి

*గరిష్ఠం 90 వాట్ల లోపు:* పెట్టెలో వచ్చిన కూలర్‌తో బండి నడుస్తుంది. మేలో శబ్దం ఎక్కువగా ఉంటుంది. అది భరించలేకపోతే నాలుగు రాగి గొట్టాల సింగిల్ టవర్ (ఒకే రేకుల దొంతర ఉన్న) గాలి కూలర్ వేయించండి. రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. లిక్విడ్ గురించి ఆలోచించనే వద్దు.

*115 నుంచి 165 వరకు:* సింగిల్ టవర్ సరిపోతుంది. రోజంతా రెండరింగ్ చేసేవాళ్లు, మిద్దె మీది గదిలో ఉన్నవాళ్లు డ్యూయల్ టవర్ (రెండు దొంతరలున్నది) తీసుకోండి.

*180 దగ్గర:* డ్యూయల్ టవర్.

*230 పైన:* ఇక్కడే లిక్విడ్‌కు అసలు చోటు. అదీ 360 మి.మీ. రేడియేటర్‌ది. గంటల తరబడి పూర్తి బరువు మీద నడిచే పని ఉంటేనే. లేదా డ్యూయల్ టవర్ పెట్టి వాట్లకు కళ్లెం వేయండి (ఎనిమిదో మెట్టు).

మరి 120, 240 మి.మీ. రేడియేటర్ల లిక్విడ్ కూలర్ల మాటేమిటి? 120ది కొనకండి. అదే ధరలో దానికంటే మంచి గాలి కూలర్ వస్తుంది. 240ది మంచి డ్యూయల్ టవర్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, ధర మాత్రం ఎక్కువ. పొడవైన గాలి కూలర్ పట్టని క్యాబినెట్ అయితేనో, ఎత్తయిన ర్యామ్ అడ్డొస్తేనో 240కి అర్థం ఉంది. చూడటానికి బాగుంటుందని కొనాలనుకుంటే అదీ తప్పేమీ కాదు, మీ డబ్బు. వేడి కోసమని మాత్రం చెప్పుకోకండి.

మన ఊళ్లకు సంబంధించి నేను గాలి కూలర్ వైపు మొగ్గడానికి అసలు కారణం చల్లదనం కాదు, రిపేరు. గాలి కూలర్‌లో చెడిపోయేది ఫ్యాను ఒక్కటే. 120 మి.మీ. ఫ్యాను కర్నూలులోనైనా కడపలోనైనా ఆ సాయంత్రమే దొరుకుతుంది, పది నిమిషాల్లో బిగించుకోవచ్చు. లిక్విడ్‌లో పంపు పోతే మొత్తం యూనిట్ మార్చాలి. వారంటీ ఉన్నా దాన్ని హైదరాబాద్‌కో బెంగళూరుకో పంపి, తిరిగి వచ్చేదాకా కంప్యూటర్ మూసుకుని కూర్చోవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో స్టూడియోకు అది కుదిరే పనేనా? పైగా సీలు చేసిన లిక్విడ్ కూలర్‌లో ద్రవం ఏళ్ల మీద గొట్టాల గుండా కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. ఐదారేళ్లు దాటాక దాన్ని వయసు మళ్లిన వస్తువుగానే చూడాలి. గాలి కూలర్ మాత్రం మరో కంప్యూటర్‌కు మారుతుంది.

లిక్విడే తీసుకుంటే, ఒక చవక గాలి కూలర్‌ను అటక మీద ఉంచుకోండి. పంపు పోయిన రోజు అదే కాపాడుతుంది.

6. డబ్బు కట్టే ముందు కొలతలు

క్యాబినెట్ పక్క తలుపు తీసి, ప్రాసెసర్ పై నుంచి తలుపు దాకా టేపుతో కొలవండి. చాలా టవర్ కూలర్లు 155 నుంచి 165 మి.మీ. ఎత్తు ఉంటాయి. సన్నని ఆఫీసు క్యాబినెట్లలో ఇవి పట్టవు. కొలత సరిగ్గా సరిపోయేలా వద్దు, ఐదు మి.మీ. అయినా మిగలాలి.

లిక్విడ్‌కు: 240 రేడియేటర్ నిజమైన పొడవు సుమారు 275 మి.మీ. మందం ఫ్యానుతో కలిపి సుమారు 52 మి.మీ. పై కప్పుకు బిగిస్తే ర్యామ్‌కూ మదర్‌బోర్డు హీట్‌సింక్‌లకూ తగలకూడదు.

సాకెట్ కూడా అడగండి. ఇంటెల్ సాకెట్లలో ఎల్‌జిఎ1700కు, పాత ఎల్‌జిఎ1200కు రంధ్రాల దూరం వేరు (78 మి.మీ., 75 మి.మీ.). పాత కూలర్ వాడుకోవాలంటే కొత్త బ్రాకెట్ కావాలి. ఎఎం4కి సరిపడే చాలా కూలర్లు ఎఎం5కీ సరిపోతాయి, కానీ మదర్‌బోర్డుతో వచ్చిన వెనక పలకనే వాడుకునే రకమై ఉండాలి.

అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు, కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ సీటీసీకి పోయి కొనడం మామూలే. పోయే ముందు ఈ మూడు కొలతలూ కాగితం మీద రాసుకోండి. రెండు వందల కిలోమీటర్లు వచ్చాక కూలర్ పట్టలేదంటే మళ్లీ బస్సెక్కాలి.

7. బిగించడం

1. పాత కూలర్ తీసే ముందు కంప్యూటర్‌ను ఐదు నిమిషాలు పనిలో పెట్టి పేస్టును వెచ్చబరచండి. తర్వాత ఆపి, కరెంటు తీగ పీకేయండి.
2. ఎఎం4 వాళ్లు జాగ్రత్త. కూలర్‌ను నిలువుగా లాగకండి. ఎండిన పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి, సడలాక ఎత్తండి.
3. పాత పేస్టును ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పూర్తిగా తుడవండి.
4. కొత్త కూలర్ అడుగున అంటించిన పారదర్శక పొరను తీయండి. ఇది మళ్లీ చెబుతున్నాను: తీయండి.
5. కందిగింజంత పేస్టు నడిమధ్య పెట్టండి. ఎల్‌జిఎ1700 చిప్ కాస్త పొడవు కాబట్టి దానికి నడుమ పొట్టి గీతలా పెట్టినా సరే. మీరు వేలితో పూయక్కర్లేదు, బిగింపే పరుస్తుంది.
6. స్క్రూలను ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోవద్దు. ఎదురెదురు మూలలకు రెండేసి చుట్లు చొప్పున మార్చి మార్చి బిగించండి. స్క్రూ ఆగిన చోట ఆగండి, బలం చూపించకండి.
7. ఫ్యాను దిక్కు: చట్రానికి అడ్డపట్టీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. టవర్ కూలర్ గాలి క్యాబినెట్ ముందు నుంచి వెనక ఫ్యాను వైపు పోవాలి. అనుమానం ఉంటే నడుస్తుండగా పలుచని కాగితం ముక్క పట్టుకుని చూడండి.
8. తీగలు: గాలి కూలర్ ఫ్యాను “సీపీయూ ఫ్యాన్” అని రాసిన చోట. లిక్విడ్ పంపు తీగను “పంప్” అని రాసిన చోట పెట్టి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎప్పుడూ పూర్తి వేగంతో నడిచేలా ఉంచండి. కొన్నింటికి సాటా కరెంటు తీగ కూడా ఉంటుంది, మరవద్దు. విడిగా చెప్పి ఉంటే కూలర్‌తో వచ్చిన కాగితం మాటే చెల్లుతుంది.
9. లిక్విడ్ రేడియేటర్ క్యాబినెట్ పై కప్పుకు ఉంటే మంచిది. ముందు వైపు నిలువుగా పెడితే దాని పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. అడుగున పెట్టకండి. లోపలి గాలిబుడగలు ఎప్పుడూ పైకి చేరతాయి. పంపే అన్నిటికంటే పైన ఉంటే బుడగలు అందులోకే వస్తాయి. గలగల శబ్దం, ఆ తర్వాత పంపు చావు.

8. వాట్లకు కళ్లెం: ఖర్చు లేని మందు

కొత్త కూలర్ కొన్నా కొనకపోయినా ఇది చేసి చూడండి. ఏఎండీ అయితే బయోస్‌లో ఎకో మోడ్ ఎంచి 65 వాట్ల తరగతికి దించండి. ఇంటెల్ అయితే పీఎల్1, పీఎల్2 అన్న రెండు పరిమితులను 125 దగ్గరో 150 దగ్గరో పెట్టండి. చివరి కొంచెం వేగం కోసమే చిప్‌లు బోలెడు వాట్లు తగలేస్తాయి. అందుకే వాట్లు గణనీయంగా తగ్గించినా వేగం అంతగా పడదు. మీ సొంత పని ఒకటి, ఉదాహరణకు ఒకే పెళ్లి వీడియో, ముందూ తర్వాతా ఎగుమతి చేసి ఎన్ని నిమిషాలు తేడా వచ్చిందో చూసుకోండి. నష్టం మీకు ఒప్పుదలైతే అలాగే ఉంచేయండి. ఏడాది పొడుగునా అక్కర్లేదు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా చాలు.

దీనివల్ల యూపీఎస్‌కూ మేలు. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. 253 వాట్ల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ పూర్తి బరువు మీద ఉన్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ కీచుమని అక్కడికక్కడే ఆపేస్తుంది.

ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 ఉన్నవాళ్లు కూలర్ ఆలోచన కంటే ముందు బయోస్ కొత్తది వేసుకోండి. ఈ చిప్‌లలో అధిక వోల్టేజీ సమస్య 2024లో బయటపడి, దానికి ఇంటెల్ సవరణ విడుదల చేసింది. గేములు ఉన్నట్టుండి మూసుకుపోతుంటే ప్రతిసారీ అది వేడి వల్లే కాకపోవచ్చు.

9. ఫలితం సరిచూసుకోవడం, తప్పు పట్టుకోవడం

బిగించాక మూడో మెట్టు పరీక్ష మళ్లీ చేయండి. పోల్చాల్సింది ఉష్ణోగ్రతను కాదు, గదితో తేడాను. ఏసీ గదిలో కొలిచి, ఏసీ లేని గదిలో వాడేవాళ్లు ఇక్కడే మోసపోతారు. ఆ తర్వాత ఉష్ణోగ్రత ఎక్కే తీరు చూడండి. తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది.

బరువు పడిన రెండు మూడు సెకన్లలోనే 95 పైకి దూకితే: పొర తీయలేదు, లేదా బిగింపు ఒకవైపు వంగింది, లేదా లిక్విడ్ పంపు తిరగడం లేదు. బయోస్‌లో పంపు వేగం సున్నా చూపుతోందేమో చూడండి. ఒక మినహాయింపు: 230 వాట్లు దాటే చిప్‌లు, రైజెన్ 7000 ఎక్స్ రకాలు బిగింపు సరిగ్గా ఉన్నా వేగంగానే ఎక్కుతాయి. కొత్తగా బిగించినప్పుడు రాసుకున్న అంకెతో పోల్చి చూడండి.

గాలి కూలర్‌తో పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఎక్కుతూ పోతే: కూలర్ బిగింపు బాగానే ఉంది, వేడిగాలి బయటికి పోవడం లేదు. నాలుగో మెట్టుకు వెళ్లండి.

ఒక కోర్ మాత్రం మిగతావాటి కంటే పదిహేను ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తే పేస్టు సరిగా పరచుకోలేదేమో. విప్పి, తుడిచి, మళ్లీ పెట్టండి. విప్పిన పేస్టునే మళ్లీ అదిమిపెట్టడం కుదరదు.

ఏమీ చేయకుండా ఊరికే ఉన్నప్పటి ఉష్ణోగ్రత చూసి కంగారుపడకండి. మేలో గదే 39 ఉంటే, ఊరికే ఉన్న ప్రాసెసర్ 50, 55 చూపడం సహజం. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో “థర్మల్ థ్రాట్లింగ్” (వేడి వల్ల వేగం తగ్గించుకోవడం) ఎదుట “అవును” అని వస్తోందా లేదా అన్నదే చూడండి.

10. దుమ్ము

బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ యూనిట్లకు, సిమెంటు ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్నవాళ్లు నెలకోసారి, మిగతావాళ్లు రెండు మూడు నెలలకోసారి శుభ్రం చేయండి. రాతి పొడి మెత్తని బూడిదలా రేకుల మధ్య పట్టేస్తుంది. గాలి కూలర్‌లో అది కంటికి కనిపిస్తుంది. లిక్విడ్ రేడియేటర్‌లో ఫ్యాన్లకూ రేకులకూ మధ్య దుప్పటిలా పేరుకుంటుంది, ఫ్యాన్లు విప్పితే తప్ప కనిపించదు. లిక్విడ్ పెట్టుకుని “రెండేళ్లకే చల్లదనం తగ్గింది” అనేవాళ్లు ముందు ఆ ఫ్యాన్లు విప్పి చూడాలి.

క్యాబినెట్‌ను ఆరుబయటికి తీసుకెళ్లండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, ఊరికే తిరగనిస్తే బేరింగు దెబ్బతింటుంది. తడిగుడ్డ వద్దు. పేస్టును రెండు మూడేళ్లకోసారి మారిస్తే చాలు.

హాస్టల్‌కో మరో ఊరికో కంప్యూటర్ మార్చే విద్యార్థులు: కిలో దాటిన టవర్ కూలర్‌ను బిగించి ఉంచే బస్సు డిక్కీలో వేయకండి, గతుకుల్లో మదర్‌బోర్డు మీద పడే బరువు చిన్నది కాదు. విప్పి విడిగా పెట్టండి. విప్పడం రాకపోతే, మదర్‌బోర్డు కింద, కూలర్ పైన వచ్చేలా క్యాబినెట్‌ను పడుకోబెట్టి తీసుకెళ్లండి. దిగాక పక్క తలుపు తీసి, కూలర్ కదులుతోందేమో వేలితో తాకి చూశాకే స్విచ్చి వేయండి.